నీ సినిమా గురించి జనం ఏమన్నారంటే

నవంబరు 9, శనివారం, మధ్యాహ్నం

చిరంజీవి దర్శకుడికి,

మీ వదిన దీవించి రాసేది. మేమిద్దరం కులాసా. నువ్వూ వేళకి తింటున్నావని తలుస్తాను. కులాసా అన్న మాట అలవాటు కొద్దీ రాశాను కానీ, ఉత్తరం చివరిదాకా చదివాక అది ఎంతవరకూ నిజమో నువ్వే తేల్చుకో.

సినిమా విడుదలైన రోజు నుంచీ ఫోన్ కట్టేసి స్నేహితుడి గదిలో దాక్కున్నావు. "ఫోన్లో చెబితే మధ్యలో వాదిస్తాను వదినా, కాగితమైతే నోరు మూసుకుని చదువుతాను" అన్నావు. సరే, మూసుకో.

మన వీధి చివరి హాల్లోనే మూడుసార్లు చూశాను. రెండుసార్లు నీ కోసం, మూడోసారి నా కోసం.

ముందు నవ్వుకునేవి చెబుతాను. దయ్యం కన్నా దయ్యం విగ్గే ఎక్కువ భయపెట్టిందని ఒకాయన అన్నాడు. ఉన్న ఒక్క తలుపునే నాలుగు వైపుల నుంచి తీసి నాలుగు గదులున్నట్టు చూపించావని ఇద్దరు కాలేజీ పిల్లలు కనిపెట్టేశారు. మా ఇంట్లో కరెంటు పోతే ఇంతకన్నా భయం వేస్తుందని ఒకావిడ పెదవి విరిచింది. ఆవిడే ఇంటర్వెల్లో ఒంటరిగా బాత్రూముకి వెళ్లలేక నా చెయ్యి పట్టుకుంది. దయ్యం ఒంటి మీద ఉన్నది నా కిటికీ పరదా అని ఆవిడతో చెప్పలేదు. పోలీసు అమ్మాయి బాగా చేసిందట. పాటలు లేకపోవడం మంచిదైందట. రక్తం మాత్రం మరీ జామ్‌లా ఉందట. నిజమే కదా, నా వంటింట్లోనే కలిపావు.

చిన్న పిల్లాడు తలుపు సందులోంచి చూసే సీను దగ్గర మాత్రం మూడు ఆటల్లోనూ హాలు ఒకేలా బిగుసుకుపోయింది. హంతకుడైన మందులాయన ట్రంకు పెట్టెని గచ్చు మీద ఈడ్చుకుంటూ వెళ్తాడు, ఆ గరగర శబ్దం, పిల్లాడి ఒక్క కన్ను. "ఇదొక్కటీ తీసినట్టు లేదు, చూసినట్టు ఉంది" అని నా ముందు వరసలో ఒకాయన అన్నాడు. ఆ మాట రాసుకున్నాను. ఆ తర్వాత నాకు ఇంకేం రాసుకోబుద్ధి కాలేదు.

ఇక నవ్వు రానివి.

నీ హంతకుడు మెత్తగా మాట్లాడే మందుల షాపాయన. భార్య దగ్గుమందులో రోజుకో చుక్క విషం కలుపుతాడు. శవాన్ని పెట్టెలో పెట్టి ఎక్కడో పూడ్చేస్తాడు. ఆవిడ దయ్యమై షాపులో సీసాలు కదిలిస్తుంది. కథ నీ ఇష్టం. కానీ మన మందుల షాపులోనే తీశావు, మన ఇంట్లోనే తీశావు. ఆ నటుడు వారం రోజులు షాపులో స్టూలు వేసుకుని కూర్చుంటే, పాపం నేర్చుకుంటున్నాడు కదా అని మీ అన్నయ్య రోజూ టీ తెప్పించారు. ఏం నేర్చుకున్నాడో ఇప్పుడు తెలిసింది. చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడవడం, సీసాని వెలుతురుకి పెట్టి చూడడం, ఆఖరికి "రెండు పూటలా వేసుకోండి, తగ్గిపోతుంది" అనే మాట కూడా మీ అన్నయ్యదే. ఇప్పుడా మాట వీధిలో పిల్లలకి ఆటైంది. ఒకడు అంటాడు, ఇంకొకడు గొంతు పట్టుకుని కింద పడిపోతాడు.

మొన్న రొట్టెల షాపావిడ మందు కొనడానికి వచ్చింది. పన్నెండేళ్లుగా మన దగ్గరే కొంటోంది. సీసా చేతికిస్తే నవ్వుతూ, "ముందు మీరొక చెంచా తాగండి మందులాయనా, తర్వాత నేను తాగుతా" అంది. మీ అన్నయ్య కూడా నవ్వారు. నవ్వి, మూత తీసి, నిజంగానే ఒక చెంచా తాగేశారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. "అయ్యో, ఊరికే అన్నానండీ" అంది. అన్నది అంది, మందు మాత్రం తీసుకోకుండానే పోయింది. మీ అన్నయ్య చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆయన ఇంకా సినిమా చూడలేదు. షాపు వదిలి రావడం కుదరదంటున్నారు. "వాడు బాగా తీశాడటగా, జనం భయపడుతున్నారటగా" అని మాత్రం ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతున్నారు.

నేను రెండోసారి చూసినప్పుడు నా వెనక సీట్లో పాత ఆస్పత్రిలో పనిచేసిన పెద్ద నర్సు కూర్చుంది. నన్ను చూడలేదు. సినిమా అయ్యాక పక్కావిడ, "ఇలా ఎక్కడైనా జరుగుతుందా, అంతా కల్పితం" అంటే, పెద్ద నర్సు అన్న మాట ఇదీ: "కల్పితమేంటి? ఆ ఇంటి మొదటి కోడలు ఏమైందో ఎవరైనా చూశారా? జ్వరమన్నారు. ఏ జ్వరం? మా ఆస్పత్రికి రాలేదు. ఇప్పుడు తమ్ముడే సినిమా తీశాడు. నిప్పు లేనిదే పొగ వస్తుందా?"



అనుమానం పెనుభూతం అంటారు. నీ విగ్గు భూతానికి నేను భయపడలేదు కానీ, ఈ భూతాన్ని మాత్రం ఇంటికి వెంటబెట్టుకొచ్చాను. ఆలోచిస్తూ కూర్చున్నాను. మా పెళ్లి కుదిర్చినప్పుడు మా బాబాయి అన్నది ఒక్క ముక్క: "మొదటి భార్య పోయింది, పిల్లల్లేరు, మనిషి బంగారం." అంతే. పోయిన మనిషి గురించి అడిగి ఆయన్ని బాధపెట్టడం ఎందుకని పదకొండేళ్లూ నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటి కూడా లేదు. మామయ్యగారు బతికున్నన్నాళ్లూ ఆ పేరు ఎవరైనా ఎత్తితే పళ్లెం ముందు నుంచి లేచిపోయేవారు. అది దుఃఖమనుకున్నాను. ఇప్పుడు అన్నీ వేరేలా కనిపిస్తున్నాయి.

మూడోసారి వెళ్లింది అందుకే. దయ్యాన్నీ చూడలేదు, పోలీసు అమ్మాయినీ చూడలేదు. ఆ నటుడి చేతుల్నే చూస్తూ కూర్చున్నాను.

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. పది రోజులుగా నాకు దగ్గు. మీ అన్నయ్య షాపు నుంచి సీసా తెచ్చి చెంచాలో పోసి ఇస్తారు. "నేను వేసుకుంటాలెండి" అని తీసుకెళ్లి సింకులో పారబోస్తున్నాను. నాలుగు రోజులైంది. ఇవాళ పొద్దున ఆయన సీసాని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసి, "సీసా తగ్గుతోంది, దగ్గు తగ్గట్లేదేం?" అన్నారు. నేను చలిగాలి అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. నీ సినిమాలో ఆయన కూడా ఏమీ అనడు.

నాయనా, ఆవిడ పోయిన రోజుల్లో నువ్వు ఇంట్లోనే ఉన్నావు. తొమ్మిదేళ్లవాడివి. సినిమాలో పిల్లాడిదీ అదే వయసు. నువ్వు తలుపు సందులోంచి ఏం చూశావు? కల్పితమైతే కల్పితమని రాయి. కాకపోతే దాచకుండా రాయి. వాదించకు, సమర్థించుకోకు. నాకు కావలసింది ఒక్క మాట.

ఇట్లు,
నీ క్షేమం కోరే
వదిన

తా.క. నవంబరు 13, బుధవారం.

ఈ ఉత్తరం నాలుగు రోజులు నా సంచిలోనే ఉండిపోయింది. పోస్టు చెయ్యలేదు. కారణం చదువు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీ అన్నయ్య, "సింకు దగ్గర మందు వాసన వస్తోంది" అన్నారు. కోపంగా కాదు. "నువ్వు కూడానా?" అన్నారు.  ఇక దాచలేక అడిగేశాను: "ఆవిడ ఎలా పోయిందండీ?"

ఆయన నన్ను తెల్లబోయి చూశారు. "ఎలా పోవడమేంటి? బస్సులో" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనకీ నా ముఖం అర్థం కాలేదు. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆవిడ చనిపోలేదయ్యా. వెళ్లిపోయింది. ఈ ఇంట్లో ఊపిరాడట్లేదు, నీ మీద కోపం లేదు, నన్ను వదిలెయ్యి అని ఆయన్నే అడిగి వెళ్లిపోయింది. ఏడాదికి కోర్టులో విడిపోయారు. మీ అన్నయ్య ఇదంతా మా బాబాయికి పూసగుచ్చినట్టు చెప్పారట. సంబంధం చెడిపోతుందని మా బాబాయి "పోయింది" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేశాడు. నాకంతా తెలుసని, తెలిసీ ఎత్తిపొడవని మంచిదాన్నని పదకొండేళ్లుగా ఆయన అనుకుంటున్నారు.

జ్వరం మాట మామయ్యగారిది. కోడలు ఇల్లు వదిలిందని వీధిలో చెప్పుకోలేక పుట్టింట్లో జ్వరమొచ్చి పోయిందన్నారు. ఆవిడ వెళ్లిన రోజు నడిమింట్లో నిలబడి, "ఇవాళ్టి నుంచి అది మనకి చచ్చినట్టే, దాని పేరు ఈ ఇంట్లో వినపడకూడదు" అని అరిచారట. నువ్వు విన్నది అదే అయ్యుంటుంది.

ఆయన బీరువాలోంచి కోర్టు కాగితం తీసి చూపించారు. రెండేళ్ల కిందట ఆవిడ రాసిన కార్డు కూడా చూపించారు. ఆవిడ ఎక్కడో కుట్టు నేర్పే బడి నడుపుతోంది. నా గుణం నీకు తెలుసు కదా, కాగితాలతో ఆగలేదు. కార్డు మీదున్న నంబరుకి ఆయన ముందే ఫోన్ చేశాను. ఆవిడ పలికింది. నేనెవరినో చెప్పాను. నేనే తెగించి ట్రంకు పెట్టె గురించి అడిగాను. "పుస్తకాలు, బరువు. నేను మొయ్యలేకపోతే ఆయనే బస్సు దాకా తెచ్చారు. గుమ్మం దాకా ఈడ్చి, వీధిలో మాత్రం భుజాన పెట్టుకున్నారు" అంది. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడే అడిగింది: "చిన్నోడు ఎలా ఉన్నాడండీ? వాడు నిద్రపోతున్నాడనుకుని చెప్పకుండా వచ్చేశాను. ఏడుస్తాడని భయపడ్డాను." నువ్వు సినిమాలు తీస్తున్నావని చెప్పాను. ఏం సినిమా అంటే చెప్పలేకపోయాను.

నిన్న మీ అన్నయ్య మొదటిసారి షాపు మధ్యాహ్నం మూసి నాతో హాలుకి వచ్చారు. మొత్తం తొమ్మిదిమంది ఉన్నాం. తన నడకని తెర మీద చూసి ఒకటి రెండుసార్లు నవ్వారు కూడా. తలుపు సందు సీను రాగానే నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజు వాడు మేలుకునే ఉన్నాడా?" అన్నారు. 

బయటికొచ్చాక మెట్ల మీద నిలబడిపోయారు. నాకు చెప్పారో తనలో తాను అనుకున్నారో తెలియదు. "ఇరవై రెండేళ్లు నా పక్కన కూర్చుని తిన్నాడు. నేను పెట్టిన మందు వేసుకున్నాడు. ఇదే అనుకుంటూ వేసుకున్నాడా?" అన్నారు.

  అది నేను చెప్పగలిగిన జవాబు కాదు. ఈసారి నాకు ఉత్తరం రాయకు. ఆయనకి రాయి.