పిండి ఉండ

డిసెంబర్ 20, శనివారం. వికారాబాద్ హాస్టల్.

రాయకపోతే ఎవరికో ఒకరికి చెప్పేస్తాను. చెబితే నాయిన జైలుకు పోతాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున అమ్మ ఫోన్ చేసింది. అడవిపందులు కంది చేనును తొక్కేస్తున్నాయని నాయిన గట్టు పొడవునా నాటు బాంబులు పెట్టాడట. పైన గోధుమపిండి ఉండ. పంది కొరికితే పేలుతుంది. పోయినేడు సగం పంట వాటికే పాయె, మీ నాయిన మాత్రం ఏం జేస్తడు బిడ్డా అంది. ఎవ్వరితోని అనకు అని కూడా అంది.

సోమవారం నాకు ఇంటర్నేషనల్ హ్యుమానిటేరియన్ లా పరీక్ష. యుద్ధంలో ఏ ఆయుధం వాడొచ్చు, ఏది వాడకూడదు అన్న పేపర్. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. ఆ పేపర్ గురించి చెప్పినప్పుడు అమ్మ నవ్వింది. సంపుకునేటోళ్లకు గూడ కాయిదా కానూను ఉంటదా అని.

ఉంటుంది.

డిసెంబర్ 21. మధ్యాహ్నం.

బూబీ ట్రాప్స్ చదివాను. మామూలు వస్తువులా కనిపించి, ముట్టుకోగానే పేలేవి. ఏ పరిస్థితిలోనూ వీటిని దేనికి జతచేయకూడదో ఒప్పందంలో వరుసగా ఉంది. పిల్లల బొమ్మలు. శవాలు. శ్మశానాలు. తినే వస్తువులు.

అక్కడ ఆగిపోయాను. ఆ తర్వాత ఒక్క ముక్కా ఎక్కలేదు. శత్రువునైనా సరే, తిండిలో పెట్టి చంపకూడదు. మరి మా గట్టు మీద ఉన్నదేమిటి?

నాయినకు ఫోన్ చేశాను. భయంతో గొంతు పెంచి మాట్లాడాను. అంతా విని, అది లడాయి బిడ్డా, గిది ఎవుసం అన్నాడు. సిపాయికి నెలనెలా జీతమొస్తది, నాకు పంది ఇస్తదా అన్నాడు. ఫికర్ జేయకు, పరీక్ష మంచిగ రాయి అని పెట్టేశాడు.

డిసెంబర్ 22

ఆ ప్రశ్నే వచ్చింది. పెట్టినవాళ్లు చోట్లు రాసుకోవాలి, జనాన్ని ముందే హెచ్చరించాలి, పోరు ముగిశాక తీసేయాలి. అన్నీ రాశాను. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. 

డిసెంబర్ 24. తాండూరు బస్టాండ్.

మా పక్కింటి బుగ్గమ్మ పెద్దమ్మ కుక్క చచ్చిపోయిందట. మూతి లేదట. అమ్మ ఏడుస్తూ రమ్మంది. మా ఊరికి పోయే యాలాల్ బస్సు ఇంకా రాలేదు.

డిసెంబర్ 25

నాయిన ఉండలన్నీ ఏరి పాడుబడ్డ బావి దగ్గర ముళ్లకంప కింద దాచాడు. గట్టు మీద పెట్టేటప్పుడే గుర్తుకు ఒక్కోదాని పక్కన నాపరాయి ముక్క ఉంచాడు. కుక్క కొరికింది పోను, ఇంకో రాయి పక్కన కూడా పిండి ఉండ కనబడలేదు.

పందే తిన్నదేమో అన్నాడు నాయిన. తింటే సప్పుడు రాదా, పంది ఏమన్న జరమొచ్చి గోలీ మింగిందా అని అమ్మ ఎగిరింది.  ఏ కాకో ఎత్తుకెళ్లి ఎక్కడ పడేసిందో అని నా భయం.

సాయంత్రం బుగ్గమ్మ పెద్దమ్మ మా ఇంటి ముందే నిలబడి, నా కుక్కను పొట్టన పెట్టుకున్నోని చేతులు పడిపోను అని తిట్టింది. ఎవరో ఆమెకు తెలియదు. నాయిన తలుపు వెనక నిలబడి అంతా విన్నాడు.

సోమవారం కోత. కూలికొచ్చేవాళ్లు పిల్లల్ని వెంట తెచ్చుకుంటారు.

డిసెంబర్ 26

బుగ్గమ్మ పెద్దమ్మ మనవరాలు వర్షిత, రెండో తరగతి, మా చేను వైపు నుంచి గుప్పిట మూసుకుని వచ్చింది. అక్కా, ఏముందో చెప్పుకో అంది. కదలకు అని అరిచాను. బెదిరిపోయి గుప్పిట వదిలేసింది.

రేగుపండ్లు.

అవి మట్టిలో దొర్లుతుంటే అది ఏడ్చింది. నాయిన గుమ్మంలోంచి చూశాడు. వచ్చి ఒక్కొక్కటే ఏరి, తుడిచి, దాని చేతిలో పోశాడు. లోపలికి వెళ్లి అటక మీంచి డప్పు దించాడు.

ఊరి చాటింపు ముందు తాత వేసేవాడు, తర్వాత నాయిన. నేను లా కాలేజీలో చేరిన ఏడాది మానేశాడు. వకీలు కాబోయే బిడ్డకు నామోషీ అని. ఇప్పుడు చొప్ప మంట వేసి డప్పు కాపుతున్నాడు. పోలీసులకు తెలుస్తది గదయ్యా అంది అమ్మ. తెలవనీ, రేపు పొద్దుగాల నేనే పోయి చెప్త అన్నాడు.

నాతో అన్నాడు: నాకు సదువు రాదు. మాటలు నువ్వు రాయి. దరువు నేనేస్త, నువ్వు సదువు. నా పేరు ఇడిసిపెట్టకు.

డిసెంబర్ 26. పొద్దుగూకే ముందు.

ఊరోళ్లందరు ఇనాలె. కంది చేన్ల నాటు బాంబులు పెట్టింది ఎల్లప్ప. బుగ్గమ్మ కుక్క సచ్చింది దాంతోనే. ఒకటి దొరుకుతలేదు. పిండి ఉండ లెక్క ఉంటది. తినేది కాదు, పేలేది. ముట్టొద్దు, ముట్టనియ్యొద్దు. అది దొరికేదాక కోత లేదు. యాడ కనబడ్డా, ఎంటనే ఎల్లప్పకన్న, ఆయన బిడ్డ నిరోషకన్న వచ్చి చెప్పాలె.