పైవాటాల వాళ్ళు

అక్కా,

నీ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి మొదలుపెట్టాల్సినదాన్ని, నేరుగా నా గోలలోకే దిగుతున్నాను. ఏమీ అనుకోకు. నీ మరిదిని చూస్తే నాకు భయం వేస్తోంది.

బాబు పోయాక ఆయన ఏడవలేదని నీకు తెలుసు. వాడు పిల్లలకి సంగీతం నేర్పే ఆ భవనం మెట్లు వాడితో సహా కూలినప్పుడు ఏడవలేదు. కట్టిన కాంట్రాక్టరు మీద సాక్ష్యం చాలదని కోర్టు వదిలేసినప్పుడూ ఏడవలేదు. ఆ కాంట్రాక్టరు మా సంఘంలో పెద్దల్లో ఒకడు కదా, ఏమీ ఎరగనట్టు ఆదివారం ప్రార్థనకి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఈయన ప్రసంగం మధ్యలో ఆపేసి, బైబిలు మూసి, అతనివైపు చూసి చెప్పారు. "నువ్వు కట్టిన కప్పే నీకు సమాధి అవుతుంది. ఈ వానల్లోనే అవుతుంది. ఇది దేవుడి తీర్పు." గొంతు కూడా పెంచలేదు. ఎవరి చంటిబిడ్డో ఏడ్చింది.

అతను ఉండేది మా ఎదురు మేడలోనే. తనే కట్టించుకున్నాడు. కింది వాటా అతనిది, పైన అద్దెకున్నవాళ్ళు. ఆ మేడ గోడ మీద ఈమధ్య బీట కనపడింది, కిటికీ మూల నించి కిందికి వంకరగా దిగింది. ఈయన రోజూ పొద్దున్నే టీ పట్టుకుని మా కిటికీ దగ్గర నిలబడి దాన్ని చూస్తారు. "కాస్త పెరిగింది," అంటారు, మొక్కకి నీళ్ళు పోసినవాడిలా.

జనం మాకు దూరం జరుగుతున్నారు. కూరగాయలామె తూకం వేశాక మరో గుప్పెడు పడేసి, "సరిగ్గానే తూచానమ్మగారూ, అయ్యగారితో ఏమీ చెప్పకండి," అంది. నవ్వొచ్చింది, తరవాత ఆమె నిజంగానే భయపడుతోందని అర్థమైంది.

అతనికి నా బిడ్డ ఉసురు తగలాలని నాకు మాత్రం లేదా? ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి. కానీ నిన్న భోజనం దగ్గర ఆయన ఆ బీట తలుచుకుని నవ్వారు. బాబు పోయాక అదే మొదటి నవ్వు.

నీ బుజ్జి


అక్కా,

నీ జవాబు అందింది. "మగవాళ్ళ దుఃఖం అలాగే ఉంటుంది, ఓపిక పట్టు," అన్నావు. పట్టాను. ఇప్పుడు జరిగింది విను.

మొన్న సాయంత్రం కాంట్రాక్టరు మా ఇంటికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చెప్పులు గుమ్మం బయటే వదిలి, ఈయన ఎదురుగా నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"అయ్యగారూ, ఆ మెట్లకి సిమెంటు తగ్గించమన్నది నేనే. మేస్త్రీ వద్దన్నాడు కూడా. కోర్టులో అబద్ధమాడాను."

"ఇప్పుడెందుకొచ్చావు?"

"మీరన్న మాట వెనక్కి తీసుకోమని రాలేదండీ. అది నాకు తగిందే. ఏం చెయ్యాలో చెప్తారని వచ్చాను."

"చెప్పాల్సింది ఆ రోజే చెప్పాను."

అతను నావైపు తిరిగి చేతులు జోడించాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. గిన్నె తోముతూ నిలబడ్డాను, తోమిందే తోముతూ. కాసేపటికి గేటు చప్పుడైంది.

"ప్రాణభయంతో వచ్చాడు, అది పశ్చాత్తాపం కాదు," అన్నారు ఈయన.

"ఒకవేళ నిజంగానే పశ్చాత్తాపపడితే?"

ఆయన ముఖంలో అప్పుడు కనపడింది చూశావూ, అది కోపం కాదక్కా. బెదురు. "అప్పుడు దేవుడు వాణ్ణి క్షమించేస్తాడు. ఇన్నేళ్ళుగా ఆయన్ని కొలుస్తున్నాను, ఆయన గుణం నాకు తెలియదా? చివరి నిమిషంలో మెత్తబడిపోతాడు." అని కిటికీ దగ్గరికి వెళ్ళారు. "వాన తొందరగా వస్తే బాగుండును."

అక్కా, ఈ మనిషితో ఈ ఇంట్లో ఉండలేను. బట్టలు సర్దుకున్నాను. నీ దగ్గరికి వస్తాను, నాలుగు రోజుల కోసం కాదు. బావగారికి నువ్వే ఎలాగో చెప్పు.

నీ బుజ్జి


అక్కా,

స్టేషనుకి వచ్చి నాకోసం చూసి ఉంటావు. క్షమించు. నేను బయలుదేరాల్సిన రోజే వాన పట్టుకుంది.

మొదటి జల్లుకే కాంట్రాక్టరు ఎదురు మేడ మెట్లెక్కి ప్రతి తలుపూ కొట్టాడు. "ఇది నిలవదు. నేనే కట్టాను, నేనే చెప్తున్నాను, దిగండి," అంటున్నాడు. పిచ్చెక్కిందన్నారు. ఒకతను చెంప పగలగొట్టాడు. ఇతను కదల్లేదు, మళ్ళీ అదే మాట. పోలీసులనీ తనే పిలిపించుకుని, మెట్ల సంగతీ మేడ సంగతీ వాళ్ళకి చెప్పేశాడు. పిల్లల్నీ మంచాన పడ్డ ముసలాయన్నీ మోసుకొచ్చి మా ప్రార్థనమందిరంలో దించారు. చివరి మనిషి దిగాక అతన్ని జీపెక్కించారు.

మర్నాడు పొద్దున మేడ కూలింది. మేమంతా చూస్తూనే ఉన్నాం. ముందు బీట నోరు తెరిచింది, తరువాత పై వాటాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. వానలో కూడా దుమ్ము లేచింది.

పై వాటాలో ఉండే అమ్మాయి, చంకలో బిడ్డతో, వచ్చి ఈయన కాళ్ళ మీద పడబోయింది. "మీరు ఆ రోజు చెప్పబట్టే ఆయనకి భయం పుట్టిందటండీ. మీ మాటే మమ్మల్ని బతికించింది."

ఆయన వెనక్కి అడుగు వేశారు, కాలినట్టు. మందిరం వెనక అరుగు మీద తడుస్తూ కూర్చుంటే నేను వెళ్ళాను.

"నేను రోజూ చూశాను కదే ఆ బీటని. పైన ఆరేసిన పసిపిల్లల బట్టలూ కనపడేవి. ఒక్కడి మీదే కదా అడిగాను, పైన ఇంతమంది ఉన్నారని నాకెందుకు తట్టలేదు? దేవుడు నా మాట నేనన్నట్టే విని ఉంటే?"

నాకు మాత్రం తట్టిందా? అదే కిటికీ కదా నాదీ. అప్పుడు ఏడ్చారక్కా. బాబు పేరు పెట్టి పిలుస్తూ, చిన్నపిల్లాడిలా.

ఆదివారం ప్రసంగం చెయ్యలేదు. "నేను చెప్పిన తీర్పులో దేవుడిదెంతో నాకు తెలియదు. పగ మాత్రం నాది," అని అందరి ముందూ ఒప్పుకుని, పీఠం దిగి, నేరుగా జైలుకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. నావల్ల కాలేదు. ఇప్పటికీ కాదు, నీ దగ్గర దాచడమెందుకు?

తిరిగొచ్చాక అడిగాను. "ఏం మాట్లాడారు?"

"మాటలు రాలేదు. ఎదురెదురుగా కూర్చున్నాం."

"ప్రార్థన చేశారా?"

వానలో తడిసిన చొక్కా విప్పి దండెం మీద వేశారు. "వాడే చేశాడు. నాకోసం."

ఆమెన్ అన్నారా అని అడగబోయి ఆగిపోయాను. తువ్వాలు తెచ్చి తల తుడిచాను.

నీ బుజ్జి