పిల్లికన్ను గీత

జూన్ 3, మంగళవారం
ఖర్చు: మెరుగు పెట్టే డైమండ్ పేస్ట్, అర ట్యూబు.
ఇవాళ గీత కనపడింది. రెండు నెలలుగా పాత మిక్సీ మోటారు మీద సాన పడుతున్న పిల్లికన్ను రాయి ఇది. తడి తుడిచి ఆరనిచ్చాను. తడిలో ఏ రాయైనా మెరుస్తుంది, ఆరాకే దాని సంగతి తెలుస్తుంది. తేనె రంగు మధ్యలో తెల్లటి దారప్పోగు. రాయిని వంచితే జరుగుతుంది, ఆపితే ఆగుతుంది. మిల్లులో పగలంతా నా మాట వినేది ఒక్కటీ లేదు.
మోటారు మోతకి సీరియల్ వినపడటం లేదని మా ఆవిడ ఎలీసమ్మ గోల. సౌండు పెంచుకోమన్నాను.

జూన్ 6, శుక్రవారం
శ్రీకాకుళం నుంచి బావమరిది ఫిన్నీ వచ్చాడు. పిలవలేదు. అక్క పెట్టిన చేపల పులుసు తిని, రాయి చూశాడు. వాళ్ల ఆఫీసరు నరసింగరావుకి కేతు దోషమట, ఉంగరంలోకి ఇలాంటి రాయి కోసమే తిరుగుతున్నాడట. ఇది ఇవ్వడానికి కాదన్నాను. మరెందుకు చేస్తున్నావని అడిగాడు. వాడికి చెప్పి ఏం లాభం.

జూన్ 8, ఆదివారం
చర్చిలో ఫిన్నీ మొదటి వరసలో నిలబడి పాడాడు. గొంతు బాగుంటుంది. అదొక్కటే బాగుంటుంది. బయటికొచ్చాక, ఆఫీసరుకి మాటిచ్చేశానన్నాడు.
"నువ్వియ్యకపోతే నా మొకం ఏటవుతాది బావా? రాయే కదేటి."
"పొద్దున్న యేసుకి పాడి, సాయంత్రం కేతువుని మోస్తావేట్రా?"
మెట్ల మీద ఆడవాళ్లు నవ్వారు. ఎలీసమ్మ నవ్వలేదు. మధ్యాహ్నం నా కంచంలో అన్నం, ఆవకాయ బద్ద.

జూన్ 9
ఇంట్లో మాటల్లేవు. హాయి.

జూన్ 11, బుధవారం
మిల్లు నుంచి వచ్చేసరికి వంటింట్లో లక్క కంపు. రాయిని లక్కతో పుల్లకి అంటించి సాన పడతాను. ఫిన్నీ వచ్చి ఆ పుల్లని గ్యాస్ మంట మీద పెట్టాడట. లక్క కరగగానే రాయిని చన్నీళ్ల గ్లాసులో పడేసి, పట్టుకుపోయాడట. తమ్ముడు ఎంత తెలివిగా ఊడదీశాడో ఎలీసమ్మే చెప్పింది. గ్లాసు తనే అందించిందట.
కాలిన రాయికి చన్నీళ్లు తగిలితే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పలేదు. అన్నం తిన్నాను.

జూన్ 13, శుక్రవారం
ఫిన్నీ ఫోన్. గీతకి అడ్డంగా పగులు ఉందట. పగిలిన రాయి పెట్టుకుంటే దోషం రెండింతలవుతుందని ఆఫీసరు అందరి ముందూ తిట్టాడట. నేను కావాలనే పగలగొట్టి ఉంచానట. అనాల్సినవన్నీ అన్నాక గొంతు తగ్గించాడు.
"ఎలాగోలా బాగుసెయ్యి బావా."
పగులు దగ్గర కోస్తే రెండు చిన్న రాళ్లవుతాయి. రెండింటికీ గీత ఉంటుంది. పట్టుకు రమ్మన్నాను.

జూన్ 14, శనివారం
ఫిన్నీ లైటు పట్టుకున్నాడు. మోటారు స్విచ్ కూడా వాడే వేశాడు.
రాయి పైభాగం గుండ్రంగా ఉంటేనే గీత నిలుస్తుంది. నేను కోయలేదు, దాన్ని సాన మీద చదునుగా నొక్కి పట్టాను.
గీత ఏదీ బావా, అన్నాడు.
ఇంకొంచెం నొక్కాను.