బొమ్మల గదిలో నవ్వినందుకు తాళం వేయవద్దని మనవి

యువజన కేంద్రం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మేడ మీది బొమ్మల గదిని సోమవారం నుండి విరిగిన కుర్చీలకు కేటాయించుటపై, అందులో కూర్చునే విరగని మనుషుల అభ్యంతరం.

1. తనిఖీకి తమరు పంపిన ఉద్యోగి గారు మొన్న దయచేసిన సమయమున మేమందరమూ పొట్టలు పట్టుకుని నవ్వుచున్న మాట వాస్తవము. "ఇక్కడ పని జరుగుతోందా, పెళ్లి జరుగుతోందా?" అని వారడిగితే "పనే సార్" అన్నది నేనే. వారు నమ్మలేదు. అప్పుడు నా చేతికి మూడు కళ్లున్న సాక్సు తొడిగి ఉన్నది.

2. మాకొక పద్ధతి ఉన్నది. పని మొదలుపెట్టే ముందు ప్రతివారూ పాత సాక్సులతో, అట్టముక్కలతో తమ చేతనైనంత ఘోరమైన బొమ్మ చేయవలెను. అందరికంటే దారుణంగా చేసినవారికి ఆ పూట మంచి కత్తెర. అలా నవ్వుకున్నాక చేతికి భయం పోతుంది. అసలు బొమ్మ ఆ తరువాతే పుడుతుంది. వారు సరిగ్గా ఆ ఘోరాల వేళకు వచ్చి, అవే మా ప్రతిభ అని రాసుకున్నారు. బీరువాలోని మంచి బొమ్మలు చూపిస్తామంటే "చాల్లేమ్మా, చూసినవి చాలు" అన్నారు.

3. "కళ బాధలోంచి రావాలి, ఇకిలింపుల్లోంచి కాదు" అని కూడా సెలవిచ్చారు. దీనికి జవాబు మా ఇంట్లోనే కలదు. మా చెల్లి పరీక్ష తప్పిన నాటి నుండి బాధపడుతూనే ఉండేది. బాధే సరుకైతే ఈపాటికి మా ఇల్లు ప్రదర్శనశాల అయి ఉండాలి. అది ఒక్క గీత గీయలేదు సార్. గోడ వైపు తిరిగి పడుకునేది. నేనే రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. మొదటి రోజు అది చేసిన ఏనుగును చూసి, మాలో నోరు మూయని పిల్ల, 'రేడియో' అంటాము, "ఏమేవ్, ఇది ఏనుగా, మీ అక్కా?" అన్నది. చెల్లి పకపకా నవ్వింది. ఆ చప్పుడు మేము మరిచేపోయాము. ఇప్పుడు కళ్లార్పే గుడ్లగూబను కుడుతోంది. కంచం ముందు కూడా రెక్కల గొడవే.

4. ఆ తలుపుకు తాళం పడితే అది మళ్లీ గోడ వైపు తిరుగుతుంది. దీన్ని ఆఫీసు భాషలో ఎలా రాయాలో నాకు తెలియలేదు.

కావున తమరు స్వయముగా వచ్చి, ముందుగా ఒక ఘోరమైన బొమ్మ చేసి, ఆపైననే గదిని కుర్చీలకిచ్చే ఆ కాగితం మీద సంతకం సంగతి ఆలోచించవలెనని ప్రార్థన. కుర్చీలు వరండాలో ఉండగలవు, అవేమీ అనుకోవు.

నవ్వు వచ్చిన చోట ఆపుకోకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గుడ్లగూబ వాళ్ల అక్క

తా.క.: ఇది రాస్తుంటే చెల్లి భుజం మీదుగా చదివి "గోడ ముక్క తీసెయ్యవే అక్కా, పరువు పోతుంది" అన్నది. తీయలేదు. కోపంతో వెళ్లి తమరి బొమ్మ కుట్టడం మొదలుపెట్టింది. తమకు మీసం ఉన్నదో లేదో తెలియక సూది పట్టుకుని కూర్చున్నది. కనీసం ఆ ఒక్క సంగతైనా సోమవారంలోగా తెలియజేయగలరు.