నూనెకు సర్దుకోని చెయ్యి

అమ్మా,

నిన్నటితో నువ్వు పోయి ఏడాది. సంవత్సరీకంలో నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. పాప పుట్టిన వారానికే కుడి చెయ్యి ఎత్తడం లేదని నేనంటే, "కాన్పులో బుజం పట్టేసిందే. నూనె రాసి నీలు పోస్తే సర్దుకుంటాది" అన్నావు. నీ మాట విని మూడు నెలలు ఊరుకున్నాను. కాన్పప్పుడు మెడ దగ్గర నరం దెబ్బతిందట. చోడవరం నుంచి వైజాగ్ దాకా ఏ డాక్టరైనా మొదట అడిగేది ఒకటే: "ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా?" జవాబు చెప్పాల్సింది నువ్వు. చెప్పకుండా వెళ్లిపోయావు.

ఆ తర్వాత ప్రతిరోజూ పాపని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, మొహం వంచి, "నా ముక్కుపుడక అందుకోయే గుంటా" అంటూ వ్యాయామం చేయించిందీ నువ్వే. ఆ చెయ్యి నీ గడ్డం దగ్గరే ఆగిపోయేది. నేను చేయిస్తే అది గింజుకుంటుంది, నేను అరుస్తాను.

ఈ ఉదయం "అమ్మమ్మలాగ పడుకోబెట్టు" అని మొండికేసింది. నాలుగేళ్ల పిల్లకి నా కాళ్ల పొడవు చాలలేదు. అయినా మొహం వంచాను. దాని కుడి చెయ్యి వణుకుతూ గడ్డం దాటి నా ముక్కును తాకింది. నేను సంతోషించేలోపే తడిమి చూసి అడిగింది:

"నీకు ముక్కుపుడక లేదేటమ్మా? మరి నానేటి అందుకోవాలి?"