మొగులమ్మ గోడ

తాండూరు

చాంద్‌పాషా సార్‌కు కోపంతోనే నమస్కారం.

మొన్న అనంతగిరి గుట్ట దగ్గర మీరు పెట్టిన పరీక్షలో బండ మీద సగం దాకా ఎక్కి, చేతులు పట్టేసి తాడుకు వేలాడాను. నిజమే. అంతమాత్రానికి అందరి ముందూ "ఈ పిల్లకు దమ్ము లేదు" అంటారా? పాలిషింగ్ ఫ్యాక్టరీలో పొద్దంతా నాపరాళ్లు ఎత్తేదాన్ని నేను. మీ క్లబ్బు పిల్లల్లో ఎవణ్ణయినా ఒక్క పూట ఎత్తమనండి, సాయంత్రానికి వాళ్లమ్మ ఒళ్లో పడి ఏడుస్తాడు.

బండలెక్కడం నేర్పే ఆ ఉద్యోగం నాకు కావాలి. ఈ రాతిపొడి మింగీ మింగీ నా ఉమ్ము కూడా తెల్లబడింది. వచ్చే నెల మళ్లీ పరీక్ష అన్నారు. ఆ దమ్మేదో ఎట్లా వస్తుందో రాయండి.

దమ్మున్న నిరోషా

తా.క.: ఫోన్ చేస్తే మీరు నవ్వుతారు. కాగితం మీద నవ్వితే నాకు వినపడదు.

&nbsp;

వికారాబాద్

బిడ్డా నిరోషా, దువా.

కాగితం చూసీ నవ్వాను, మాఫ్ చెయ్యి. బరువెత్తే బలం వేరు, వేలాడుతూ అలిసిపోకుండా ఉండడం వేరు. నువ్వు రాయిని పగవాడి పీక పిసికినట్టు పట్టుకుంటావు. ముంజేతులు బిగుసుకుపోతాయి, జారతావు. పడకుండా ఉండేంత పట్టు చాలు.

రోజూ ఏదో ఒక గోడ పట్టుకుని, నేలకు జానెడు ఎత్తులోనే, ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా పో. కాలు కింద పెట్టకు. మధ్యమధ్య ఒక చెయ్యి వదిలి విదిలించు, తర్వాత రెండోది. గోడ మీదున్నంతసేపూ ఆయాసం లేకుండా మాట్లాడగలగాలి. అంత నిదానంగా.

నీ మేలు కోరే చాంద్‌పాషా

తా.క.: కోపం తగ్గించుకో. అది ముందు వేళ్లలోకే దిగుతుంది.

&nbsp;

తాండూరు

సార్‌కు,

నాకు కోపమా? ఎవరన్నారు? పేరు చెప్పండి!

మా ఊళ్లో గోడలు తెలుసుగా, నాపరాతి ముక్కలు పేర్చి కడతారు, అంచులు పళ్లలా బయటికుంటాయి. మాకూ పక్కింటి మొగులమ్మకూ మధ్య అట్లాంటిదే ఒకటుంది. ఎక్కాను. మీరు మాట్లాడమన్నారు. ఒక్కదాన్నే ఏం మాట్లాడాలి? మా ఫ్యాక్టరీ సేటును తిట్టడం మొదలుపెట్టాను. "నీ నోట్ల మన్ను వడ, పనోళ్లు మనుషులు గారా?" అని. అవతల మొగులమ్మ కందిపప్పు చెరుగుతోంది. తననే అనుకుంది.

"ఎవర్నే అంటున్నవ్? నా గోడెక్కి నన్నే తిడ్తవా?"

"గోడ నీ ఒక్కదానిదా? సగం మాది!"

"సగమైతే సగమే ఎక్కు! గీ దిక్కు వేలు కనవడ్డదంటే ఇరగ్గొడ్త!"

మాటకు మాట. వీధంతా జమైంది. కొట్లాట ఆగాక చూసుకుంటే నేనింకా గోడ మీదే ఉన్నాను. చేతుల్లో నొప్పే లేదు!

నిరోషా

తా.క.: ఆయాసం ఆమెకే వచ్చింది.

&nbsp;

వికారాబాద్

బిడ్డా, తోబా తోబా!

మాట్లాడగలగాలి అన్నాను, తిట్టమనలేదు. నీ ఊపిరికి అది కొలత, అంతే. రేపు పిల్లలకు నేర్పాల్సినదానివి, ఇరుగుపొరుగుతో ఈ పంచాయితీలేంటి? పరీక్షలో నడవడిక కూడా చూస్తాం. ఇక నోరు మూసుకుని ఎక్కు. మొగులమ్మగారిని మాఫీ అడుగు.

చాంద్‌పాషా

తా.క.: గోడ దిగి అడుగు.

&nbsp;

తాండూరు

సార్‌కు,

మీ మాట విని మునిగాను. నోరు మూసుకునే ఎక్కాను. నోరు మూస్తే మనిషి ఎక్కడ కక్కుకోవాలి? నాలుగు రాళ్లు దాటకముందే ధబేల్‌మని పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. ఆదివారమే పరీక్ష.

మాఫీ కూడా అడిగాను. దాంతో మొగులమ్మకు ఇజ్జత్ పోయినట్టయింది.

"ఏందే, నేన్నీకు సరిజోడు గానా? మా ఆయన పోయినంక నాతోని నోరిప్పి కొట్లాడేటోళ్లే లేరు. నువ్వన్న దొరికినవనుకుంటే మాఫీ అడుగుతవా? సిగ్గులేదా?"

ఆదివారం తానూ వస్తుందట, రైల్లో నా పక్కనే కూర్చుని. ధారూర్ స్టేషన్ దాటకముందే నన్ను బోగీలోంచి తోసేస్తుంది. నా ఉద్యోగం పోతే కారణం మీరే.

నిరోషా

తా.క.: కింద నుంచి చూస్తే మెడ పట్టేస్తోందని, నిన్న ఆమే అవతలి నుంచి గోడెక్కి నా మొహంలో మొహం పెట్టి ఆ "సిగ్గులేదా" అడిగింది. చీరలో, సార్!

&nbsp;

వికారాబాద్

నిరోషా టీచర్‌కు,

ఈ పిలుపుతో నీకు అర్థమై ఉండాలి. సోమవారం డ్యూటీకి రా.

ఆదివారం ఏమైందో పైనున్న నీకు తెలియదు, చెబుతా విను. నోరు మూసుకుని, పెదవి కొరుక్కుంటూ ఎక్కావు. సగంలో ముంజేతులు బిగుసుకుపోయాయి. నీ పేరు కొట్టేద్దామని కలం తీశాను. అప్పుడు మొగులమ్మగారు కింద నుంచి కేకేశారు.

"గట్ల వట్టుకుంటరానే, బర్రె పొదుగు వట్టినట్టు? దిగు, నీతోని గాదు!"

నువ్వు గిర్రున తిరిగి, ఒక చెయ్యి గాల్లో ఊపుతూ, "జర ఆగు! దిగినంక చెప్త నీ సంగతి!" అన్నావు.

చెయ్యి వదిలావు బిడ్డా! నేను ఎంత మొత్తుకున్నా వదలని చెయ్యి! మనోళ్లు చేతులూపకుండా కొట్లాడలేరన్న సంగతి ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఆమె ఒకటంటే కుడిచెయ్యి ఊపావు, ఇంకోటంటే ఎడమది. ఊపినప్పుడల్లా ఆ చెయ్యి సేదతీరింది. అట్లా తిట్టుకుంటూ తిట్టుకుంటూ కొసకు చేరి, పై నుంచి కూడా తిట్టావు. మిగతావాళ్లందరూ తాళ్లకు వేలాడుతూ విన్నారు. నడవడిక దగ్గర ఏమీ రాయకుండా వదిలేశాను.

చాంద్‌పాషా

తా.క.: మొగులమ్మగారు నీ క్లాసులో చేరారు. నువ్వు వికారాబాద్ వచ్చేస్తే ఆమెకు తాండూరులో పొద్దుపోదట. టీచర్‌ను తిట్టొచ్చా అని అడిగారు. కుదరదన్నాను. దానికి వేరే ఫీజుంటే చెప్పండి, కడతానన్నారు.