ఆగిన పేజీ నుంచి

డెబ్బై నాలుగేళ్ల నేను, ఈ వీధిలో అందరూ గడియారం మామ్మ అని పిలిచే రిటైర్డ్ లెక్కల టీచర్ని, పక్కన నిలబడి చెప్పేవాళ్లెవరూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఇక చెల్లవు. నా మతి స్థిమితంగా ఉంది. లేదని మా అబ్బాయి అంటున్నాడు. పిచ్చిదాని రాత చెల్లకపోతే ఇల్లు వాడిదవుతుంది, కోడలూ మనవరాలూ మళ్లీ వాడి చేతి కిందికి పోతారు. అందుకని ముందు ఆ సంగతి తేలుస్తాను.

1. ఈ నెల ఇరవైన మా అబ్బాయే పంపించిన డాక్టరు నన్ను పరీక్షించాడు. "మామ్మగారూ, వందలోంచి ఏడేడు తీసేస్తూ చెప్పండి" అన్నాడు. తొంభై మూడు, ఎనభై ఆరు అనగానే చాలన్నాడు. నేను ఆపలేదు, రెండు మిగిలేదాకా చెప్పాను. "ఈ ఎండాకాలం ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగాడు. అలమరలో చదవకుండా మిగిలిన పుస్తకాలు ఇరవై మూడు. వాటిలో చదవాల్సిన పేజీలు నాలుగు వేల నూట పన్నెండు. మార్చి ఒకటి నుంచి మే ఆఖరు దాకా తొంభై రెండు రోజులు. రోజుకి నలభై ఐదు చదివితే ఆఖరి రోజుకి పదిహేడే మిగులుతాయి. అదే చెప్పాను. "మీకున్నంత మతి నాకుంటే బాగుండు" అని సర్టిఫికెట్ రాసిచ్చాడు. జతపరిచాను.

2. ఆ పుస్తకాలు బద్ధకం వల్ల మిగిలిపోలేదు. పదకొండేళ్ల కిందట పోయిన నా భర్త నన్ను కొట్టేవాడు, చదువుకుంటూ కూర్చుంటే మరీను. దెబ్బ పడగానే పుస్తకం మూసేదాన్ని. తారీఖు, కారణం, తగిలిన చోటు ఒక చీటీ మీద రాసి ఆ పేజీలో పెట్టి, మళ్లీ ఆ పుస్తకం ముట్టుకునేదాన్ని కాదు. నక్షత్రాల పుస్తకం, 61: పిలిస్తే రెండో పిలుపుకి లేచానని, ఎడమ చెవి. అది ఇప్పటికీ వినపడదు. ఓడ ప్రయాణాల పుస్తకం, 204: కారణం చెప్పలేదు, రెండు పళ్లు. ఆ పేజీ మీద మరక సిరా కాదు. డిటెక్టివ్ నవల, 118: స్కూలు మీటింగ్ అయి ఆలస్యంగా వచ్చానని, బెల్టుతో, పక్కటెముక. ఆ నవలలో ఖూనీ చేసిందెవరో ముప్పై ఆరేళ్లుగా నాకు తెలియదు. నా ఎముక విరిచిందెవరో తెలుసు. మిగతా ఇరవై చీటీల నకళ్లు జతపరిచాను.

3. చీటీ రాస్తే ఎదురు తిరిగినట్టే అనుకున్నాను. అది నా తప్పు. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు "ఈ చీటీలేంటి అత్తయ్యా?" అని అడిగితే, "ఏడవకూడదు, రాసి పెట్టుకోవాలి" అని గొప్పగా నేర్పాను. ఈ ఫిబ్రవరి రెండున ఎండాకాలం చదువుకి పట్టిక వేద్దామని అలమర సర్దితే చీటీలున్న పుస్తకాలు ఇరవై నాలుగు తేలాయి. రెండోసారి లెక్కపెట్టినా ఇరవై నాలుగే. ఎక్కువైంది కోడలిది. అందులో నాలుగు చీటీలు: 19, 46, 88, 131. నేను నేర్పిన పద్ధతే. "చొక్కా గుండీ ఊడింది. కుడి మణికట్టు." వాళ్ల గది నా గదికి ఆనుకునే ఉంది. నాది కుడివైపు తిరిగి పడుకునే అలవాటు. వినపడే చెవి తలగడకి ఆని ఉంటుంది, రెండోదాన్ని వాడి తండ్రి ఎప్పుడో తీసేశాడు.

ఒక్క తేడా ఉంది. దెబ్బ పడగానే నేను పుస్తకం మూసేశాను. కోడలు చీటీ పెట్టి, మర్నాడు అక్కణ్ణుంచే ముందుకి చదివింది. మొదటి పేజీ నుంచి మొదలుపెడదామనుకున్న నేను, అది చూశాక, ఆగిన పేజీ నుంచే చదవాలని నిర్ణయించుకున్నాను. పైన చెప్పిన పేజీల లెక్క దాని ప్రకారమే.

4. ఫిబ్రవరి తొమ్మిది, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నర. మా అబ్బాయి కోడలి జుట్టు పట్టుకుని వంటగది తలుపుకేసి తల బాదుతున్నాడు. మూడుసార్లు అయింది. నాలుగోసారికి చెయ్యి వెనక్కి తీసినప్పుడు ఇస్త్రీ పెట్టెతో ఆ చేతి మీద కొట్టాను. ఎముక రెండు చోట్ల విరిగింది. గుమ్మం దాటకపోతే రెండో చెయ్యి కూడా విరుస్తానన్నాను, దాటాడు. తలుపు మీది రక్తం నేనే తుడిచాను. ఇస్త్రీ పెట్టె చల్లగానే ఉంది, వేడిగా ఉంటే అదీ రాసేదాన్ని. చెయ్యి జారిందనో పొరపాటున తగిలిందనో నా తరఫున ఎవరూ చెప్పొద్దు. "అమ్మకి పిచ్చెక్కింది, కన్నకొడుకు చెయ్యి విరిచింది" అని వాడు వీధంతా చెప్పుకుంటున్నాడు. అందులో రెండో ముక్క నిజం.

5. ఈ ఇల్లు నా జీతంతో కట్టుకున్న స్వార్జితం. నా తదనంతరం సర్వహక్కులతో కోడలికీ, ఆమె తర్వాత మనవరాలికీ చెందాలి. మా అబ్బాయికి వాటా లేదు, గుమ్మం తొక్కే హక్కూ లేదు. జాలిపడి కోడలు వాణ్ణి లోపలికి రానిస్తే ఆ రోజే ఇల్లు మనవరాలి పేరుకి మారాలి. ఈ షరతు కోడలికి కోపం తెప్పిస్తుంది. తెప్పించనీ.

6. మా అబ్బాయికి వాళ్ల నాన్న బెల్టు, బకిల్‌తో సహా, ఏడు ముక్కలుగా కోసి ఉంచాను. ఏడేళ్లప్పుడు తండ్రి అడిగితే కొక్కెం మీంచి దాన్ని తెచ్చిచ్చింది వాడే. ఏడుస్తూ తెచ్చాడు. అది వాడి తప్పు కాదు. నలభై మూడేళ్లు వచ్చాక కొట్టమని వాడికి ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇది వాడి తప్పే. ఆ ఏడేళ్లవాడి ఫొటో ఒకటి నా దిండు కింద ఉంది. అది ఎవరికీ ఇవ్వను, నాతో పంపించండి.

7. పక్కింటి టైలర్‌కి నా రేడియో. మా ఇంట్లో కేక వినపడినప్పుడల్లా ముప్పై ఏళ్లు తన రేడియో పెంచుకున్నాడు. నాదానికి సౌండ్ పెంచే మీట పనిచేయదు.

8. ఇస్త్రీ పెట్టె కోడలికి. బట్టలకే వాడాల్సిన రోజులు రావాలని నా కోరిక.

9. పుస్తకాలన్నీ పన్నెండేళ్ల మనవరాలికి. చదవడం పూర్తవకముందే నేను పోతే, మిగిలినవి తను వీధి గదిలో కూర్చుని, తలుపు తీసి ఉంచి, పైకి చదవాలి. ఖూనీ ఎవరు చేశారో నా ఫొటో ముందు చెబితే చాలు.

10. దీన్ని అమలు చేసే బాధ్యత నా దగ్గర లెక్కల్లో ముప్పై ఐదు మార్కులతో గట్టెక్కిన లాయరమ్మది. వాదనలో గట్టిది. మా అబ్బాయి కోర్టుకెక్కితే ఇరవై ఏడు చీటీలూ పేజీ నంబర్లతో సహా వరసగా చదివించాలి.

11. ముందే కత్తిరించి పెట్టుకున్న ఖాళీ చీటీలు సొరుగులో ఇంకా నలభై మిగిలాయి. వాటిని ఎవరికీ రాయడం లేదు. ఈ పొద్దున స్టవ్ మీద కాల్చేశాను. మనవరాలికి గుర్తు కావాలంటే పేజీ మూల మడుచుకోవచ్చు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఏ పిల్లనీ మడవనివ్వలేదు. తనకి అనుమతి ఇస్తున్నాను.

తేదీ: 28 ఫిబ్రవరి 2026, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. రేపటి నుంచి చదువు.

సంతకం: గడియారం మామ్మ (పూర్తి పేరుతో సంతకం ప్రతి పేజీ అడుగున చేశాను)

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. నన్ను పరీక్షించిన డాక్టరు
2. ఫిబ్రవరి తొమ్మిది సాయంత్రం ఈ ఇంటి తాళాలు మార్చిన తాళాల మేస్త్రి